పొలమారిన ప్రతిసారీ

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మన నమ్మకం. పామూరు పక్క పల్లె నుంచి మూడేళ్ల మనవరాలిని చంకనేసుకుని వచ్చిన నాయనమ్మ కూడా ఆ మాటే చెప్పింది. "బువ్వ పెట్టినప్పుడల్లా పొలమారతాది సారూ. వాళ్లమ్మ హైదరాబాదులో తలుచుకుంటా ఉంటది గదా." కొడుకూ కోడలూ బేల్దారి పనికి పోయి అక్కడే ఉంటున్నారు. వానను నమ్ముకున్న ఈ మెట్ట ప్రాంతంలో చాలా ఇళ్ల సంగతి ఇదే.

పాపది సెరిబ్రల్ పాల్సీ. పుట్టగానే ఏడవలేదట. మెడ నిలవదు, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి. మాటిమాటికీ నిమ్ము చేస్తోందని నా దగ్గరికి తీసుకొచ్చింది. సంచిలోంచి తీసిన చీటీల నిండా యాంటీబయాటిక్కులే. పిల్లకు తిండి ఎలా పెడుతున్నారని ఎవరైనా అడిగిన గుర్తు మాత్రం ఏ చీటీలోనూ లేదు.

నా ఎదుటే పెట్టి చూపించమన్నాను. ఆమె నేల మీద కాళ్లు బారజాపుకుని కూర్చుంది. పిల్లను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. తల వెనక్కి వాలిపోయింది. ఉగ్గుగిన్నెతో పల్చటి రాగిజావ పెదవి మూలనుంచి పోసింది. మన ఇళ్లలో పసిబిడ్డలందరికీ అలాగే పోస్తారు, ఆమె తన బిడ్డలందరినీ అలాగే పెంచింది. కానీ మింగడం సరిగా రాని పిల్లకు తల వెనక్కి వాలితే జావ ఊపిరిగొట్టంలోకి పోతుంది. నిమ్ము అక్కడినుంచే వస్తోంది.

పిల్లను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టించాను. తొడల దగ్గర మడత పడేట్టు, వీపు ఆమె ఛాతీకి ఆనేట్టు, గడ్డం కొంచెం కిందికి దిగేట్టు. జావ చిక్కగా చేయించాం. చిన్న చెంచాతో కొద్దిగా తీసి, నాలుక మధ్యలో మెల్లగా అదిమి, మింగేదాకా ఆగి, అప్పుడు రెండోది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. నాలుగైదు చెంచాలయ్యేసరికి ఆమె చేతికి ఆ ఒడుపు వచ్చేసింది. "ఇంతేనా సారూ! ఇన్నాళ్లూ ఎవురూ చెప్పలా" అంది.

ఎవరు చెప్పాలి? ఆ ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లింది, ఏఎన్ఎం వెళ్లింది. అంగన్‌వాడీ టీచరు పిల్ల పేరు రిజిస్టరులో రాసుకుంది. ముగ్గురూ ఓపికగా పనిచేసేవాళ్లే. వాళ్లకు మాత్రం ఎవరు చెప్పారు?

కాగితం మీద మనకు లోటు లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటినుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించమంటుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. 2023 నవంబరులో అంగన్‌వాడీల కోసమే దివ్యాంగ బాలల ప్రోటోకాల్ ఒకటి విడుదలైంది. బుద్ధి మాంద్యం ఉన్నవారి కోసం 1984లో సికింద్రాబాదులో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, దాని అజమాయిషీలో నెల్లూరులో ప్రాంతీయ కేంద్రం ఉంది. బడి వయసు పిల్లలకు సహిత విద్య రిసోర్స్ టీచర్లూ, భవిత కేంద్రాలూ ఉన్నాయి. శిక్షణలు జరుగుతూనే ఉంటాయి. వాటిలో కొన్నిటికి మాట్లాడటానికి వెళ్లాను, చాలా ఇష్టంగా వెళ్తాను.

అక్కడ నేను మొదట తీసేది తిరువనంతపురం చార్టు. డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం తయారుచేసిన ఒక్క పేజీ పటం, రెండేళ్లలోపు పిల్లల ఎదుగుదల చూడటానికి పదిహేడు అంశాలు. పిల్ల వయసు నెలల దగ్గర పెన్సిల్ నిలువుగా పెట్టాలి. పెన్సిల్‌కు ఎడమవైపు పడే పనులన్నీ పిల్ల ఈపాటికి చేస్తుండాలి. ఒక్కటి రాకపోయినా డాక్టరు దగ్గరికి పంపించాలి. ఖరీదైన పరికరం అక్కర్లేదు, ఎవరైనా చేయొచ్చు. ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలల్లో ఎలాగూ ఇంటికి వెళ్తారు కాబట్టి, నాలుగో నెల దాటినా మెడ నిలవని బిడ్డ వాళ్ల కంటపడకుండా పోకూడదు.

ఒకసారి ఇదంతా చెప్పి ముగించబోతుంటే వెనక వరసలోంచి ఒక అంగన్‌వాడీ టీచరు లేచింది. "పెన్సిల్ పెట్టి చూస్తాం సార్. తేడా ఉందనుకుంటాం. ఆ తల్లికి ఏమని చెప్పమంటారు? చెప్పాక ఏం చెయ్యమంటారు?"

మిగతా సెషనంతా ఆ ప్రశ్నకే ఇచ్చేశాం. ఇప్పటికీ నాకు శిక్షణ అంతా ఆ ప్రశ్న చుట్టూనే జరగాలనిపిస్తుంది. పిల్లలో లోపం ఉందని చెప్పి తర్వాతి దారి చూపకపోతే, ఆ ఇంట్లో పడే మొదటి దెబ్బ తల్లి మీదే. గ్రహణం నాడు కడుపుతో బయటికొచ్చావంటారు, మీ పుట్టింటి పోలికంటారు. మేనరికమైతే రెండు కుటుంబాలూ మాటామాటా అనుకుంటాయి. అందుకే ఇంట్లో పెద్దలందరినీ కూర్చోబెట్టి, ఇది ఎవరి తప్పూ కాదని మొట్టమొదట చెప్పాలి. పిల్లకు ఏం రాదో చెప్పేముందు ఏం వచ్చో చెప్పాలి. జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి ఏ రోజు వెళ్లాలి, ఎవరిని కలవాలి, ఏ కాగితాలు తీసుకెళ్లాలి అన్నది చీటీ మీద రాసివ్వాలి. పామూరు నుంచి ఒంగోలు నూరు కిలోమీటర్లకు పైమాటే. ఒకసారి వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చినవాళ్లు మళ్లీ బస్సెక్కరు.

చాలా కుటుంబాలు ముందుగా అడిగేది పింఛను గురించి. సిబ్బందిలో కొందరికి ఇది నచ్చదు, బిడ్డ కంటే డబ్బు ఎక్కువైందా అనుకుంటారు. నేను ఒప్పుకోను. 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. కూలి మానుకుని ఇంట్లో ఉండే మనిషికి అది పూట గడిచే ఆధారం. వైకల్య ధ్రువపత్రమిచ్చే సదరం శిబిరానికి స్లాటు ఎలా తీసుకోవాలో శిక్షణలో నేర్పితే, అదే సిబ్బంది మాటకు ఆ ఇంట్లో విలువ పెరుగుతుంది. ఆ తర్వాత వ్యాయామాల గురించి చెప్తే వింటారు.

మా ప్రాంతానిదే అయిన వైకల్యం ఇంకొకటి ఉంది, ఎక్కడో అచ్చయిన శిక్షణ పుస్తకంలో దానికి చోటు దొరకడం కష్టం. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ గురించి తొలి వివరమైన నివేదిక 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి రాసింది. అది నెల్లూరు జిల్లా గురించి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లావే, ప్రకాశం జిల్లా 1970లో గానీ పుట్టలేదు. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ పాదాలు ఎడంగా పడే పిల్లలను ఇక్కడ చూస్తాం. బడిలో వాళ్ల నడకను వెక్కిరిస్తుంటే, టీచరుకు తెలియాల్సింది వాళ్లు తాగే బోరు నీటి సంగతి. లీటరుకు ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్లు తాగకూడదు. పాలు, ఆకుకూరలు, రాగి లాంటి కాల్షియం తిండి తగ్గిన పిల్లల్లో వంకర ఎక్కువవుతుంది. మా ప్రాంతంలో జరిగే శిక్షణలో దీనికి ఒక గంట తప్పనిసరిగా ఉండాలి.

డేవిడ్ వెర్నర్ 1987లో వికలాంగ పిల్లల గురించి పల్లెల కోసం రాసిన పెద్ద పుస్తకం మెక్సికో కొండపల్లెల్లో పుట్టింది. వైకల్యమున్న మనుషులూ వాళ్ల కుటుంబాలూ చేసి చూసిన పనులే దాని నిండా ఉంటాయి. ఆ పద్ధతి మనకూ నప్పుతుంది. ఆ నాయనమ్మను తర్వాత జరిగిన శిక్షణకు పిలిపించాను. వేదిక మీద కాదు, చాప మీద. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని జావ తాపింది. ఆశా కార్యకర్తలు ఒక్కొక్కరూ ఆమె పక్కన కూర్చుని చెంచా పట్టారు. ఒకామె తొందరపడి రెండో చెంచా ఎత్తబోతే నాయనమ్మే చెయ్యి పట్టుకుని ఆపింది: "ఉండు బిడ్డా, గుటక పడనీ."

మన శిక్షణ పుస్తకాలన్నీ తల్లిని ఉద్దేశించి రాసినవే. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు పిల్లను ఎత్తుకునేది నాయనమ్మో అమ్మమ్మో. చదువు రాదు, మోకాళ్ల నొప్పులు, చూపు ఆనదు. వ్యాయామాల కాగితం ఆమెకు పనికిరాదు. చేత్తో చేయించాలి, కొడుకు ఫోనులో వీడియో తీసివ్వాలి, వచ్చినప్పుడు బస్సు ఛార్జీ చేతిలో పెట్టాలి.

తల్లిదండ్రులను కలవాలంటే వాళ్లు ఊళ్లో ఉన్నప్పుడే కలవాలి. డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం జరుపుతాం. పిల్లలకు ఆటలు పెడతాం, బహుమతులిస్తాం, పిల్లలు ఎంతో సంబరపడతారు. అవి కావాల్సిందే. కానీ ఆ రోజు పిల్లల వెంట వచ్చేది ముసలివాళ్లే. సంక్రాంతికి మాత్రం హైదరాబాదు, బెంగుళూరు బస్సులన్నీ పామూరులో దిగుతాయి. కనుమ మర్నాడు, ఆ పై రోజు, కుటుంబాల శిక్షణ అప్పుడు పెట్టాలని నేను అడుగుతున్నాను. పండగ సెలవు వదులుకుని వచ్చే సిబ్బందికి బదులు సెలవు ఇవ్వాలి, ఫిజియోథెరపిస్టు ఆ రెండు రోజులూ మండలంలోనే ఉండాలి. తండ్రి చేత కూడా ఒక పూట బిడ్డకు అన్నం పెట్టించాలి. ఆ నాయనమ్మ వస్తానంది, నేర్పడానికి.