మంచులో బతికే దుంప

మా ఏలూరులో మొక్క అంటే నీళ్ళే. తమ్మిలేరు ఊరిని చుట్టుకుని వెళ్ళి కొల్లేట్లో కలుస్తుంది. నాలుగు వానలు గట్టిగా పడ్డాయంటే పెరట్లో మెట్టతామరలు మడుగులోనే నిలబడి పూస్తాయి. ఇక్కడ పుట్టి పెరిగిన మా అక్క డెన్వర్‌లో పెంచుకుంటున్న పువ్వుకి మాత్రం నీళ్ళు నిలిస్తే గిట్టదు. దాని పేరు ఐరిస్. నేను బి.ఏ. తెలుగు కదా, మంచి పేరు పెట్టమంది అక్క. ఆకులు కత్తుల్లా ఉన్నాయని 'కత్తిపువ్వు' అన్నాను. బావగారు ఇప్పటికీ నవ్వుతారు.

నాన్న సంవత్సరీకం అయ్యాక, జూలైలో అక్క అమ్మని తీసుకెళ్ళింది. తాడేపల్లిగూడెంలో అంత ఇంట్లో ఒక్కర్తీ ఎలా ఉంటుందని అక్క బాధ. అక్కడే ఉంచేసుకోవాలని దాని ఆశ.

ఆగస్టులో ఐరిస్ గుబురు తవ్వి దుంపలు విడదీశారట. మూడు నాలుగేళ్ళకోసారి అలా చెయ్యకపోతే ఒకదాన్నొకటి ఒత్తుకుని పూత తగ్గిపోతుంది. అచ్చం పసుపు కొమ్ముల్లా ఉన్నాయంది అమ్మ. కానీ పసుపులా లోపల పాతకూడదు. దుంప వీపు ఎండకి కనబడాలి, వేళ్ళు మాత్రం మట్టిలో ఉండాలి. తడి ఎక్కువైతే కుళ్ళిపోతుంది. డెన్వర్‌లో మంచుతో కలిపినా ఏడాదికి పడేది సుమారు 15 అంగుళాలు, దానికి అదే చాలు. అమ్మకిది మింగుడు పడలేదు. చలేస్తుందని సాయంత్రం మట్టి కప్పేది, పొద్దున్నే అక్క తీసేసేది. వారం రోజులు ఇదే తంతు!

మంచు మొదలయ్యాక అమ్మ కిటికీ దగ్గరే కూర్చునేది. మాట్లాడేవాళ్ళు లేరు. ఆకులు ఎండి నేలకంటుకుపోయాయి. "పోయాయే, నాకు తెలుసు" అని నాకు ఫోన్లో చెప్పింది. ఆ గొంతు విన్నాక నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు. జనవరిలో వచ్చేసింది.

మే నెలలో అక్క వీడియో కాల్ చేసింది. ఊదారంగు పువ్వులు, పై రేకులు నిటారుగా, కింది రేకులు వేలాడుతూ, వాటి మీద పసుప్పచ్చ నూగు. అమ్మ ఫోను కళ్ళద్దాలకి ఆనించుకుని చూసింది. "నేను పెట్టినవేనా?"

"నువ్వు పెట్టినవేనమ్మా."

ఒక దుంప పంపమంది. అనుమతి పత్రాలూ, తెగుళ్ళు లేవన్న సర్టిఫికెట్టూ లేకుండా దేశంలోకి రానివ్వరని అక్క చెప్పింది. తెచ్చినా శీతాకాలం చలి తగలకపోతే అది పూయదట. "వెంకట్రామన్నగూడెంలో అంత పెద్ద ఉద్యాన యూనివర్సిటీ ఉంది, వాళ్ళనడుగుదాం" అంది అమ్మ. ఎవరినడిగినా మన గూడెంకి మంచు తేలేరు కదా!

కాసేపాగి, "మే నెలకైతే వస్తాను. చలికి ముందే పంపించెయ్యాలి మరి" అంది.

అక్క సరేనంది. అమ్మకి గ్రీన్ కార్డుకి పెట్టాలా వద్దా అని బావగారు ఇంకా నన్నే అడుగుతున్నారు.