సెకండ్ వచ్చినోళ్లకీ ఓ మెట్టు కావాలి

మాది సుమ్మాదేవి. ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే పలాస వెళ్లాల్సిందే. అందుకేనేమో, హైదరాబాద్‌లో ఉద్యోగానికొచ్చాక నా మనసు ఐఎస్‌ఎల్ మీద కాకుండా దాని కింద మెట్టయిన ఐ-లీగ్ మీద పడింది. అందులో మన టీమ్ శ్రీనిధి దక్కన్.

2022-23లో ఐఎస్‌ఎల్‌కి ప్రమోషన్ మొదలైంది. శ్రీనిధి సెకండ్, పైకెళ్లింది పంజాబ్. 2023-24లో మళ్లీ సెకండే, ఈసారి పైకెళ్లింది మహమ్మదన్ స్పోర్టింగ్. మా అమ్మ అడుగుతుంది, "ఓడిపోయే టీముని ఎందుకు సూస్తావురా?" అని. ఓడిపోలేదమ్మా, సెకండొచ్చారు!

రొమేనియా రెండో డివిజన్ 'లీగా 2'లో మొదటి రెండు టీములూ నేరుగా పైకెళ్తాయి. మూడు, నాలుగు స్థానాలకీ ప్లేఆఫ్ ఛాన్సుంటుంది. మన దగ్గర మాత్రం ఛాంపియన్‌కే టికెట్.

మనకి చరిత్ర లేదా అంటే, రహీమ్ సాబ్ కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టింది.

ఉద్దానం జీడితోటల పక్కన బంతి తన్నే కుర్రాడు ఒక్క గెంతులో ఐఎస్‌ఎల్‌కి వెళ్లలేడు. వాడికి అందేది ఈ రెండో మెట్టే. అక్కడ సెకండొస్తే దారి మూసేస్తే, ఆ మెట్టెక్కమని వాడికి ఏ మొహంతో చెప్తాం?