బందరు రేకుపెట్టెలోని మహ్‌జర్

షజరాలలో తల్లులు ఉండరు. మా ఇంటి షజరా కూడా అలాంటిదే. తొమ్మిది తరాల పురుషుల పేర్లు నస్తాలీఖ్ లిపిలో కొమ్మలు కొమ్మలుగా విస్తరించి ఉంటాయి. వారిని కన్నవారి పేరు ఒక్కటైనా కనిపించదు. మన పూర్వ విద్వాంసులు మనకు నేర్పింది ఇది కాదు. సహాబాల, తాబియీల జీవితాలను గ్రంథస్థం చేసిన ఇబ్నె సఅద్ తన ‘తబఖాత్’ చివరి సంపుటాన్ని స్త్రీలకే కేటాయించారు. హజ్రత్ ఆయిషా (రజి) పేరు తలవకుండా హదీసు పాఠం సాగదు. ఇంటి గోడల మీది షజరాలకు మాత్రం ఈ మొహమాటం ఎక్కడో పట్టుకుంది.

మా ముత్తాతగారి తల్లి ఎవరన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. ఆయన 1869లో బందరులో పుట్టారని తెలుసు. తల్లి గురించి పెద్దలను అడిగితే, ‘ఉప్పెన చూసిన మనిషి’ అని ఒక్క ముక్క చెప్పి మాట మార్చేవారు. మదరసాకు షాబాన్ సెలవులు ఇవ్వగానే బందరు బయలుదేరాను. అక్కడ మా ఫుప్పూ ఉన్నారు. ఎనభై దాటిన వయస్సు. కుటుంబపు పాత కాగితాలున్న రేకుపెట్టె ఆమె మంచం కిందనే ఉంటుంది.

విజయవాడ నుంచి పామర్రు మీదుగా వెళ్లే దారి పొడవునా వరిచేలు. పట్నం చేరాక పేటల పేర్లే చరిత్ర చెబుతాయి. ఇంగ్లీషుపాలెం, పరాసుపేట, వలందపాలెం: ఆంగ్లేయులు, ఫ్రెంచివారు, డచ్చివారు వచ్చి, వ్యాపారం చేసి, వెళ్లిపోగా మిగిలిన గుర్తులవి. అంతకు ముందు కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి కలంకారీ బట్టలను నింపుకొని ఓడలు ఇరాన్ రేవులకు సాగేవి. ఇప్పుడు కలంకారీ అద్దకం పెడనలో కనిపిస్తుంది. పట్నానికీ సముద్రానికీ నడుమ చిత్తడి నేల. దానికి ఆవల, సముద్రం పక్కన, బందరుకోట. మా కథ అంతా ఆ చిత్తడి నేల మీదుగా ఒక్క రాత్రిలో నడిచి వచ్చిన నీటితో మొదలవుతుంది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి. హిజ్రీ లెక్కన 1281, జుమాదల్ ఆఖిరా నెల అప్పుడే మొదలవుతున్న రోజులు. అమావాస్య దాటి రెండు రోజులే అయినందున సముద్రపు పోటు కూడా హెచ్చుగానే ఉంటుంది. ఆ పోటు మీద తుపాను వచ్చి పడింది. ఉప్పెన కోటను ముంచి, పట్నాన్ని ముంచి, ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. మరణించినవారు సుమారు 30,000 మంది అని లెక్క వేశారు. కోటలోని సైన్యాన్ని ప్రభుత్వం ఆ తరువాత తరలించివేసింది. రేవు మళ్లీ పాత వైభవానికి రాలేదు.

ఫుప్పూ తాళంచెవి నా చేతికిచ్చి, “వుజూ చేసుకొని తెరువు బేటా, లోపల ఖురాన్ ఉంది” అన్నారు.

పెట్టెలో నాకు కావలసినవి మూడు దొరికాయి. చేతిరాత ఖురాన్ ప్రతి ఒకటి, నికాహ్‌నామా ఒకటి, మడతల వద్ద చినిగిన పొడవాటి మహ్‌జర్ ఒకటి. చివరి రెండూ ఫారసీలో ఉన్నాయి.

ఖురాన్ ప్రతి మొదట్లోని ఖాళీ పుటలో బిడ్డల పుట్టిన తేదీలున్నాయి. మొదటి రెండు ఉప్పెనకు ముందువి: ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. ఆడపిల్ల తేదీ పక్కన ఉప్పెన రాత్రి తేదీ వేసి, దాని కింద ‘గర్ఖ్’ అన్న ఒక్క మాట. మునిగినది అని అర్థం. నీట మునిగి మరణించినవారిని దైవప్రవక్త (స) షహీదులలో లెక్కించిన సంగతి చదువరులకు తెలిసినదే. ఆ పాప వయస్సు నాలుగేళ్లు. ఆ అక్షరాలు గుమాస్తాల వేగపు రాత కాదు. ఖురాన్ లిపిలోనే, జబర్ జేర్‌లతో సహా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని రాసినవి. ఖురాన్ చదవడం మాత్రమే నేర్చి, ఆ చదువుతోనే రాయడం తనంతట తాను పట్టుకున్న మనిషి చేతిరాత అది. పిల్లలకు ముప్పై ఏళ్లుగా రాత దిద్దుతున్న నాకు అది తల్లి చేతిరాత అనే తోస్తున్నది.

మూడవ తేదీ 1286 రజబ్. అది మా ముత్తాతగారిది. తండ్రి పేరు వేరు!

ఇంతకాలం పెద్దలు మాట మార్చినది ఇందుకేనన్నమాట. వితంతు వివాహాన్ని సిగ్గుపడవలసిన విషయంగా చూసే అలవాటు మనవారిలో ఎలా చేరిందో వేరే చెప్పనక్కరలేదు. హజ్రత్ ఖదీజా (రజి) మన తల్లి అని చెప్పుకుంటూనే ఈ సిగ్గు! అయితే ఇక్కడ చిక్కు అంతకంటే పెద్దది. మహ్‌జర్ చదివిన తరువాత గాని అది నాకు బోధపడలేదు.

ఆమె మొదటి భర్త కోటలో ఒక వర్తకుని కొట్టులో లెక్కలు రాసేవారు. ఉప్పెన రాత్రి ఆయన కొట్టులోనే ఉన్నారు. పాప శవం దొరికింది. ఆయన శవం దొరకలేదు. ఫిఖహ్ పరిభాషలో ఆయన మఫ్ఖూద్, అంటే జాడ తెలియనివాడు. హనఫీ ఫిఖహ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం మఫ్ఖూద్‌తో సమాన వయస్కులంతా గతించేదాకా అతడు బ్రతికి ఉన్నట్లే లెక్క. దీనిని కొందరు తొంభై ఏళ్ల వయస్సుగా నిర్ణయించారు. ఆయనకు అప్పుడు ముప్పై ఏళ్లనుకుంటే, ఆమె 1920ల దాకా ఎదురుచూడాలి. మాలికీ ఫిఖహ్ నాలుగేళ్ల గడువు చెబుతుంది. దానిని మన దేశపు హనఫీలకు ఫత్వాగా అందిస్తూ మౌలానా అష్రఫ్ అలీ థానవీ ‘అల్ హీలతున్నాజిజా’ వెలువరించింది 1930లలో. ఆ నాలుగేళ్లు చట్టంలోకి ఎక్కింది 1939లో. ఇవేవీ ఆమెకు అందుబాటులో లేవు.

హనఫీలలోనే మరొక మాట ఉంది. ఎన్నేళ్లన్నది ఖాజీ నిర్ణయానికే వదలాలని ఇమామ్ జైలయీ వంటివారు అన్నారు. యుద్ధంలోనో, సముద్రంలోనో తప్పిపోయినవాని విషయంలో మరణమే బలమైన సంభావ్యత అయితే ఖాజీ ముందుగానే తీర్పు చెప్పవచ్చు. అయితే అందుకు ఖాజీ కావాలి కదా! సర్కారు ఖాజీలను నియమించే పద్ధతిని ఆంగ్ల ప్రభుత్వం రద్దు చేసింది సరిగ్గా ఆ 1864లోనే, పదకొండవ చట్టంతో. మద్రాసు రాజధానిలోని ముస్లిములు మొరపెట్టుకోగా 1880లో ఖాజీల చట్టం వచ్చింది. అది మొదట వర్తించింది కూడా మన మద్రాసు ప్రాంతానికే. ఆ పదహారేళ్ల నడుమ పాత ఖాజీ కుటుంబాలు నికాహ్‌లు చదివిస్తూ వచ్చాయి గాని, వారి ముహర్‌కు సర్కారు బలం లేదు. ఆమెకు ఒకే ఏడు భర్త పోయాడు, ఖాజీ పోయాడు.

ఆ మహ్‌జర్ మీద ముహర్ లేదు. పదకొండు సంతకాలున్నాయి. తేదీ 1283 షవ్వాల్, అంటే 1867 మొదట్లో. ఉప్పెన జరిగి రెండేళ్లు దాటింది. ఆ సాయంత్రం ఆయనను కోటలో ఎవరు చూశారు, నీరు ఎంత ఎత్తున వచ్చింది, కొట్టు గోడలు ఎలా కూలాయి, శవాల కోసం ఎక్కడెక్కడ వెదికారు, అన్నీ సాక్షులు వేర్వేరుగా చెప్పారు. ఒక ఆలిమ్ వారి మాటలు విని, మరణం నిశ్చయమైనట్లుగా ఎంచి, ఆనాటి నుంచి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ పాటించమన్నారు. ఫారసీ ఏమంత గొప్పది కాదు. రెండుచోట్ల వ్యాకరణం తప్పింది. కాని సాక్షుల మాటలను ఆయన ఎంత జాగ్రత్తగా విడదీశారో చూస్తే, ఆ ఆలిమ్ ఎదుట నేను మళ్లీ విద్యార్థినై కూర్చోవాలనిపించింది. రెండేళ్లపాటు ఆ సాక్షులను కూడగట్టినది ఎవరు? అర్జీదారు స్థానంలో ఆమె పేరొక్కటే ఉంది. అన్నదమ్ముల పేరు లేదు, వకీలు పేరు లేదు.

ఇక నికాహ్‌నామా. మహర్ ఐదువందల రూపాయలు. ఆ పక్కనున్న మాట చెదలు తగిలి మసకబారింది. ‘ఐన్’తో రాస్తే ముఅజ్జల్, వెంటనే చెల్లించవలసినది; ‘వావ్’ మీద హమ్జాతో రాస్తే మువజ్జల్, తరువాత చెల్లించే బాకీ. భూతద్దం పట్టి చాలాసేపు చూశాను. ఐన్ తరువాతి అక్షరంతో కలుస్తుంది, వావ్ కలవదు. ఇక్కడ ‘జీమ్’ ముందు సన్నని ఖాళీ ఉంది. కనుక అది బాకీ. మరణం తీర్పైన తరువాత ఆస్తిలో నుంచి ముందు అప్పులు తీరాలి, ఆ తరువాతే వారసుల వాటాలు. మహర్ కూడా అప్పే. మహ్‌జర్ వెనుక వేరే చేతిరాతలో నాలుగు పంక్తులున్నాయి. ఆ బాకీ కింద భర్త ఇంటి స్థలాన్ని ఆమెకు రాసిచ్చారు. మిగిలిన కొద్దిపాటి సొత్తులో ఆమెకు ఎనిమిదవ వంతు, అత్తగారికి ఆరవ వంతు, కొడుకుకు తక్కినది. ఆ స్థలానికి నాలుగు హద్దులు చెప్పారు. తూర్పున బావి, ఉత్తరాన మసీదు సందు.

నేను హద్దులు చదువుతుండగా ఫుప్పూ మంచం మీద లేచి కూర్చున్నారు. బావి ఇప్పుడు పూడ్చివేసినా, గట్టు రాళ్లు పెరట్లో ఉన్నాయి. మసీదు సందు కిటికీలో నుంచే కనిపిస్తుంది.

“ఇది మా దాదా కట్టిన ఇల్లు అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. నేల మా పర్‌దాదీదన్నమాట” అన్నారు.

ఈ వ్యాసంలో ఆమె పేరు రాయాలని నాకు ఉండెను. ఫుప్పూ ఒప్పుకోలేదు. “జీవితమంతా పరదాలో ఉన్న మనిషి. పత్రికలో ఊరూరా తిప్పుతావా?” అన్నారు. ఇబ్నె సఅద్ గురించి చెప్పాను. “ఆయన పెద్దవారు, నువ్వు చిన్నవాడివి” అన్నారు. ఇందుకు నా వద్ద జవాబు లేదు. మూడు కాగితాలకూ నకళ్లు తీసి, ఆమె పేరును తెలుగులోనూ ఉర్దూలోనూ విడిగా రాసి, నా ఇద్దరు కూతుళ్లకు ఇచ్చాను. పెద్దది ఆ పేరు తన కడుపులోని బిడ్డకు పెట్టుకుంటానంటున్నది, ఆడపిల్ల అయితే.