లింగంపేట దగ్గర వెలిగిన లైటు

నెల రోజుల్లో మూడుసార్లు వెలిగింది. మూడుసార్లూ ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వచ్చే దారిలో, లింగంపేటకు కాస్త అటూ ఇటూగా. ఇంటిల్లిపాదీ కార్లో ఉన్నాం, డిక్కీలో బియ్యం బస్తాలు. ముందు చెరకు ట్రాక్టరు పోతోంది. దాటుదామని యాక్సిలరేటర్ తొక్కితే బండి ముందుకు ఉరకలేదు, మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్నట్టు బరువెక్కింది. మీటర్లో పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలిగింది. ఇంటికి చేరి, తెల్లారి స్టార్ట్ చేస్తే ఏ లోపమూ లేనట్టే నడిచింది.

మొదటి రెండుసార్లూ నగరంలో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. ఒకసారి స్కానర్ పెట్టి లైటు ఆర్పి పంపారు. రెండోసారి గాలిని కొలిచే సెన్సర్ మార్చి తొమ్మిది వేలు తీసుకున్నారు. ఏ కోడ్ వచ్చిందని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరు, బిల్లు మీదా లేదు. వారం తిరక్కుండా లైటు మళ్లీ వచ్చింది. ఈసారి లైటు వెలుగుతుండగానే బండిని కామారెడ్డి తెచ్చాను.

కామారెడ్డి జిల్లా కేంద్రమైంది 2016 అక్టోబర్ 11న. అంతకు ఎంతో ముందు నుంచే అది బండ్లు ఆగే ఊరు. ఒకప్పుడు 7వ నంబరుగా ఉన్న జాతీయ రహదారి, ఇప్పటి 44, హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు దీని మీదుగానే పోతుంది. బెల్లం మార్కెట్టుకూ ధాన్యానికీ వచ్చే లారీలు సరేసరి. డీజిల్ ఇంజన్ చప్పుడు వింటూ పెరిగిన చేతులు ఇక్కడ చాలా ఉన్నాయి. పాత రోడ్డు పక్క రేకుల షెడ్డులో నాకు దొరికిన మేస్త్రి అలాంటివాడే. యాభై ఏళ్లుంటాయి.

ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు నన్ను అడగడం మొదలుపెట్టాడు.

"ఏడ వెలిగింది సార్? బండిల ఎంతమందున్నరు? ఎంత స్పీడుల? అద్దంల చూసిన్రా, పొగ నల్లగొచ్చిందా, తెల్లగొచ్చిందా?"

నల్లగా వచ్చిందన్నాను. ఊళ్లో తిరిగేటప్పుడు ఎన్నడూ రాలేదని కూడా చెప్పాను. తల ఊపాడు. చాలినంత గాలి లేక డీజిల్ సగం కాలితే నల్లపొగ. ఇంజన్ ఆయిల్ కాలితే నీలిపొగ. తెల్లపొగంటే డీజిల్ కాలకుండానే బయటపడుతూ ఉండాలి, లేదా రేడియేటర్ నీళ్లు లోపలికి దిగుతూ ఉండాలి. ఆ ఒక్క జవాబుతో ఆయన వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోయింది.

అప్పుడు స్టీరింగు కిందున్న 16 పిన్నుల సాకెట్టులో స్కానర్ గుచ్చాడు. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసిన ఏర్పాటు ఇది, తర్వాత మన కార్లలోకీ వచ్చింది. పొగలోని విషం పరిమితి దాటే లోపం ఏదైనా ఉంటే బండి తనంతట తానే పసిగట్టి డ్రైవరుకు చెప్పాలన్నది దాని అసలు ఉద్దేశం. తెర మీద పీ0299 అని పడింది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి, బండి కంప్యూటర్ అడిగినంత గాలి ఒత్తిడి అందలేదని దానర్థం.

"టర్బో పోయిందా?" అన్నాను గుండె జారి.

"టర్బో పోయిందని ఏడ రాసింది సార్? గాలి తక్కువైందనే రాసింది. ఎందుకు తక్కువైందో మనమే దేవులాడాలె."

ఆ మాట కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. కోడ్ లక్షణాన్ని చెబుతుంది. జ్వరం 102 అని థర్మామీటర్ చూపితే అది మలేరియానో టైఫాయిడో తేల్చినట్టు కాదు కదా.

కోడ్ వెనక ఇంకో పేజీ ఉంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. లైటు వెలిగిన క్షణాన ఇంజన్ ఎలా ఉందో కంప్యూటర్ అందులో రాసిపెట్టుకుంటుంది. మాది 58 కిలోమీటర్ల వేగం, 2,300 ఆర్‌పీఎం, ఇంజన్ మీద దాదాపు పూర్తి లోడు. చెరకు ట్రాక్టరును దాటబోయిన క్షణం అంకెల్లో కళ్లముందు నిలబడింది. నగరంలో రెండుసార్లు లైటు ఆర్పినప్పుడు ఈ పేజీ కూడా తుడిచిపెట్టుకుపోయింది. బ్యాటరీ వైరు పీకినా చాలా బండ్లలో ఇదే గతి. మేస్త్రి ఆ అంకెలన్నీ ఒక అట్టముక్క మీద రాసుకున్నాకే పానా పట్టాడు.

ఖర్చు లేని పనులు ముందు. ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపి చూశాడు, బాగానే ఉంది. తర్వాత టర్బో నుంచి, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు పైపును కింది నుంచి వేళ్లతో తడిమాడు. వేళ్లకు జిడ్డుమన్ను అంటింది. టర్బో గాలిలో కాస్త ఆయిల్ తడి ఎప్పుడూ ఉంటుంది, అది బయటికి కారిన చోట దుమ్ము అతుక్కుంటుంది. అనుమానం అక్కడ పడింది. అయినా పైపు విప్పలేదు. గాలి లోపలికి పోయే మూతికి బిరడా బిగించి, కంప్రెసర్ గాలి మెల్లగా వదిలాడు. కారు టైరులో ఉండేదానిలో సగానికి మించని ఒత్తిడి. షెడ్డులోని పిల్లవాడు సబ్బునురగ పూశాడు, సైకిల్ ట్యూబుకు పంక్చర్ చూసినట్టే. కాసేపు ఏమీ లేదు. ఒత్తిడి పెరిగాక క్లిప్పు పక్కన బుడగలు పొంగాయి. గోరంత చీలిక.

బండి ఊళ్లో మెల్లగా తిరుగుతుంటే టర్బో ఒత్తిడి తక్కువ, చీలిక మూసుకునే ఉంటుంది. బరువు మీద తొక్కితే పైపు ఉబ్బి నోరు తెరుస్తుంది. సెన్సర్ ఉండేది పైపుకు ముందు, ఫిల్టర్ దగ్గర. అది కొలిచిన గాలిని బట్టి కంప్యూటర్ డీజిల్ చిమ్ముతోంది, ఆ గాలి మాత్రం సగం దారిలో బయటికి పోతోంది. నల్లపొగ అందుకే. తొమ్మిది వేలకు మార్చిన పాత సెన్సర్ నిజమే చెప్పింది.

షెడ్డులో పసుపు లైటుతోనే వచ్చిన ఇంకో కారు ఉంది, 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్. యజమాని టీచరు, రోజూ బడికి ఆరు కిలోమీటర్లు పోయి వస్తాడట. పొగగొట్టంలోని మసి ఫిల్టర్ తనను తాను కాల్చుకోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, అంత చిన్న దూరాల్లో అది రాదు. ఆయనకు మేస్త్రి రాసిచ్చిన మందు, 44వ రోడ్డు మీద ఇరవై నిమిషాలు ఆపకుండా నడపడం. పసుపు లైటుకు ఇంత తీరిక ఉంటుంది కానీ ఎర్రటి ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగితే అక్కడికక్కడే ఇంజన్ ఆపాలని నా వైపూ తిరిగి గట్టిగా చెప్పాడు.

కొత్త పైపు, క్లిప్పు, కూలీ కలిపి 1,900 రూపాయలైంది. కోడ్ తుడిచి, బరువు కోసం షెడ్డులోని నలుగురిని ఎక్కించుకుని తాడ్వాయి వైపు పోయాం. కంప్యూటర్ అడిగిన ఒత్తిడీ టర్బో ఇచ్చిన ఒత్తిడీ స్కానర్ తెర మీద జంటగా లేచాయి, జంటగా దిగాయి. రెండు నెలలైంది, లైటు మళ్లీ రాలేదు.

మీ బండిలో ఈ లైటు వెలిగితే ఎక్కడ, ఎంత వేగంలో, ఎంత బరువుతో వెలిగిందో అప్పుడే రాసి పెట్టుకోండి. షెడ్డు చిన్నదైనా పెద్దదైనా, లైటు ఆర్పే ముందు కోడునూ ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలనూ బిల్లు మీద రాసివ్వమని అడగండి.