యా వరసన పోవల్ల?

రెండో శతాబ్దంలో, రోమ్‌లో, నిద్రపట్టక బాధపడుతున్న ఓ గృహిణి నాడిని వైద్యుడు గాలెన్ చూస్తుండగా ఎవరో పిలాడిస్ అనే నర్తకుడి మాటెత్తారు. నాడి గతి తప్పింది. తర్వాతి రోజుల్లో వేరే నర్తకుల పేర్లు చెప్పించి చూశాడు. నాడిలో మార్పు లేదు. మళ్లీ పిలాడిస్ పేరు వినపడగానే తడబడింది. ఆమె మనసు అతని మీద ఉందని ఒక్కసారికే నిర్ధారణకు రాకుండా పరీక్షించి తేల్చుకున్నాడు కాబట్టే ఆయనంటే నాకు గౌరవం.

గోరంట్లలో నా దగ్గరికొచ్చిన ఒకావిడకి అరవై దాటాయి. విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ, రొమ్ము పట్టుకుని చాట మీదికే ఒరిగిపోయిందట. ఈసీజీ అచ్చం గుండెపోటులాగే ఉంది. వెంటనే పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీకి పంపాం. యాంజియోగ్రామ్‌లో ఒక్క అడ్డంకీ లేదు. ఎకోలో మాత్రం ఎడమ జఠరిక కొన కదలకుండా ఉబ్బిపోయి ఉంది. టకోత్సుబో. జపాన్ వైద్యులు 1990లో వర్ణించిన జబ్బు. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే, ఎక్కువమంది యాభై దాటినవాళ్లు. తీవ్రమైన వేదనలో ఒక్కసారిగా పొంగే అడ్రినలిన్ ధాటికి గుండె కండరం మొద్దుబారుతుందంటారు. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు గానీ, మొదటి రోజుల్లో ప్రాణం మీదికీ రావచ్చు.

ఇంట్లో ఎవరూ పోలేదు, గొడవల్లేవు. తర్వాత చూపించుకోడానికి వచ్చినప్పుడు కోడల్ని మందుల అంగడికి పంపి, ఆమే చెప్పింది.

"ఆ పొద్దు మా పుట్టింటి ఊర్లో ఒగాయప్ప పోయినాడని తెలిసె సార్. చిన్నప్పుడు ఒకే చేన్లో కలుపు తీస్తాంటిమి. నా సద్దిలో సగం ఆయప్పకే. ఒగనాడూ ఒగ మాట అనుకోలేదు. వానల్లేని యేడు ఆయప్ప బెంగళూరికి బేల్దారి పనికి పాయ. నన్ను మా మామకిచ్చి చేసిరి. కడసారి చూసొద్దామంటే, యా వరసన పోవల్ల?"

చావింటి గడప తొక్కాలంటే మనకు ఏదో ఒక వరస ఉండాలి. అక్క కావాలి, వదిన కావాలి. పైకి చెప్పుకోని ప్రేమకు ఏ వరసా లేదు, అందరిలో ఏడ్చే హక్కూ లేదు. నోరు విప్పకపోవడం పిరికితనమనే వాళ్లతో నేను ఏకీభవించను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు పడని సీమ ఇది. పెట్టిన విత్తనం కూడా చేతికి రాని ఏడు, మూట కట్టుకుని బస్సెక్కే పిల్లోడు ఏ ధైర్యంతో పిల్లనడుగుతాడు?

మళ్లీ తీయించిన ఎకోలో గుండె కదలిక మామూలైంది. కొందరికి ఈ జబ్బు తిరగబెడుతుంది కనుక ఆమెను అప్పుడప్పుడూ రమ్మంటున్నాను. వచ్చినప్పుడల్లా బీపీ చూశాక ఆయన సంగతులు కాసేపు చెప్పనిస్తాను, బయట ఎంతమంది కూర్చుని ఉన్నా సరే.