రీలాంచ్ నొక్కండి బాస్

మన హాస్టల్లో ఏ ల్యాప్‌టాప్ చూసినా క్రోమ్ మూలన "రీలాంచ్" అని అడుగుతూనే ఉంటుంది. 40 ట్యాబులు తెరిచి ఉంటాయి, ఎవరు మూస్తారు? కానీ అప్‌డేట్ డౌన్‌లోడ్ అయితే సరిపోదు, బ్రౌజర్ మూసి తెరిస్తేనే పనిచేస్తుంది.

క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం ఓపెన్ సోర్స్. ఒక లోపాన్ని సరిచేస్తే ఆ కోడ్ అందరికీ కనిపిస్తుంది, దొంగకి కూడా. ఏ తాళం బలహీనమో ఊరంతా చాటింపు వేసినట్టే. ఇక తాళం మార్చని ఇళ్ల మీదే వాడి కన్ను. ఆ మధ్య గడువు తగ్గించడానికే 2023 ఆగస్టు నుంచి గూగుల్ సెక్యూరిటీ అప్‌డేట్లు వారం వారం ఇస్తోంది.

మా నాన్న షాపు కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 7 ఉంది. దానికి క్రోమ్ 109వ వెర్షనే ఆఖరిది, 2023 జనవరిలో వచ్చింది. "బాగానే నడుస్తోంది కదరా" అంటారు నాన్న. నడవడం వేరు నాన్నా, భద్రంగా ఉండడం వేరు. కొత్తది కొనడానికి ఇప్పుడు డబ్బుల్లేవు. అందుకే ఇద్దరం ఒక మాట అనుకున్నాం: అందులో బిల్లులు మాత్రమే, బ్యాంకు పని ఫోన్‌లో. సేవ్ చేసిన పాస్‌వర్డులన్నీ తీసేసి, బ్యాంకుది ఫోన్ నుంచి మార్చాం.

ఆయనకి అప్‌డేట్ ఇక రాదు. మనకి వచ్చి మూలన కూర్చుంది.