అమ్మీ మొక్కు

మా అమ్మీ మొక్కు ఒకటి నా మీద బాకీ ఉంది.

నాకు నాలుగేళ్లప్పుడు తట్టు పోసి, తగ్గినట్టే తగ్గి జ్వరం తిరగబెట్టిందట. సంగారెడ్డిలో చూపిస్తే డాక్టరు చేతులెత్తేశాడు. అబ్బా నన్ను భుజాన వేసుకుని పోతిరెడ్డిపల్లికి తిరిగొచ్చాడు. అమ్మీ ఇంట్లోకి రాకుండా సీదా పీరీల కొట్టానికి పోయింది. హుసేన్ పీరీ పెట్టె ముందు కొంగు పరిచి, "వీడు బతికితే నీ గడపకు నడిపించి తోలిస్త" అని మొక్కింది. ఆ గడప పేరు కర్బలా అని మాత్రమే ఆమెకు తెలుసు. అది ఏ దిక్కున ఉందో, మధ్యలో ఎన్ని దేశాలున్నాయో, ఎంత సముద్రం ఉందో తెలియదు. తెలిస్తే మొక్కేది కాదేమో. తెలియకనే మొక్కింది, నేను బతికాను.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. పటాన్‌చెరు దిక్కు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కార్మికుణ్ని. అమ్మీకి డెబ్బై అయిదు దాటాయి, మోకాళ్లు పోయాయి. మొన్నటి మొహర్రంలో పీరీలు వాకిట్లోకి వచ్చినప్పుడు ఆమె లేవలేకపోయింది. మంచంలోంచే పీరీకి దట్టీ కట్టించి, నా దిక్కు చూసి అన్నది: "నేను పోతే ఆ బాకీ నా మెడకే ఉంటది బేటా. నీకు కాళ్లున్నయి గద."

అట్లా మొదలైంది నా లెక్క.

కర్బలాకు నడిచిపోవడం అనేది మా అమ్మీ కల్పన కాదు. హిజ్రీ 61లో, అంటే క్రీస్తు శకం 680లో, మొహర్రం పదో రోజున ఇమామ్ హుసేన్ కర్బలాలో చంపబడ్డాడు. అక్కడికి నలభయ్యో రోజు సఫర్ నెల 20. దాన్ని అరబ్బీలో అర్బయీన్ అంటారు. అర్బయీన్ అంటే నలభై, అంతే. మన ఇళ్లలో చచ్చిపోయినవాళ్లకు చేసే చెహల్లుమే అది. ఆ రోజుకు చేరేటట్టు జనం ఇరాక్‌లోని నజఫ్ నుంచి కర్బలాకు నడుస్తారు. నజఫ్‌లో హజ్రత్ అలీ సమాధి, కర్బలాలో ఆయన కొడుకులు హుసేన్, అబ్బాస్‌ల సమాధులు. తండ్రి దగ్గర సలాం చెప్పి కొడుకుల దగ్గరికి పోవడమన్నమాట. దూరం దాదాపు 80 కిలోమీటర్లు. దారి పొడుగునా స్తంభాలకు 1 నుంచి 1452 దాకా నంబర్లు వేసి ఉంటాయి. స్తంభానికీ స్తంభానికీ నడుమ యాభై మీటర్లు. మూడు రోజుల నడక. సద్దాం కాలంలో ఈ నడకను అణిచేశారు. 1977లో నడిచినవాళ్ల మీదికి సైన్యాన్ని తోలారు. 2003 తర్వాత దారి తెరుచుకుంది. ఈమధ్య ఏడాదికి రెండు కోట్లకు పైగా జనం వస్తున్నారని కర్బలా దర్గావాళ్ల లెక్క.

ఆ దారిలో అన్నం అమ్మరు. మౌకిబ్‌లని గుడారాలు వేసి ఊళ్లవాళ్లే పిలిచి పెడతారు. చాయ్, రొట్టె, అన్నం, పడుకోను చాప. కాళ్లు పిసికేవాళ్లు కూడా ఉంటారు. బీదవాళ్లు ఏడాదంతా కూడబెట్టింది ఆ కొన్నాళ్లలో ఖర్చు పెట్టేస్తారట. అందుకని నా కాగితం మీద ఆ మూడు రోజుల తిండి ఖర్చు దగ్గర సున్నా వేసుకున్నాను. ఖర్చంతా దారికి చేరేదాకనే. పాస్‌పోర్టుకు 1500. పోనురాను విమానం, వీసా, నజఫ్‌లో ఒక రాత్రి, కర్బలాలో రెండు రాత్రులు, తిరిగి నజఫ్‌కు బండి. కాఫిలా వాళ్లతో పోతే అన్నీ వాళ్లే చూసుకుంటారు గానీ అంత నాకు పొసగదు. అటు చూసి ఇటు చూసి తొంభై వేలు అని గీత గీశాను. నెలకు మూడు వేలు, ముప్పై నెలల చిట్టీ వేశాను. చంద్రమానం కాబట్టి అర్బయీన్ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 2025లో ఆగస్టు నడుమ వచ్చింది. చిట్టీ చేతికొచ్చేసరికి జూలైలోకి వస్తుంది. ఇరాక్‌లో జూలై అంటే నిప్పుల కొలిమి. పొద్దుగూకినాక, తెల్లవారకముందు నడవాలి. కొత్త బూట్లు కాదు, కాలికి అలవాటైన పాతవే వేసుకోవాలి. సంచి ఒక్కటే, చిన్నది. ఉప్పు, చక్కెర పొట్లాలు. యుద్ధం వస్తే ఆకాశం మూసేస్తారు, 2025 జూన్‌లో ఇరాక్ మీద విమానాలు ఆగిపోయినట్టు. అందుకని తిరిగి డబ్బిచ్చే టికెట్టే కొనాలి, దానికి ఇంకొంత.

ఇదంతా పైసల లెక్క, రాస్తే తేలింది. తేలని లెక్కలు వేరే ఉన్నాయి.

మొదటి లెక్క మసీదు దగ్గర అడిగారు. "మనం సున్నీలం, కర్బలాకు నడిచేది షియాలు. ఆ పైసలతో ఉమ్రా చేసుకో" అన్నారు. చెడ్డవాళ్లు కారు. నాకు జ్వరమొస్తే ఇంటికొచ్చి చూసిపోయేవాళ్లే. హజ్ ఫర్జ్, అదీ తాహతు ఉన్నవాళ్లకే. కర్బలా ఫర్జ్ కాదు, నాకు తెలుసు. అయితే నలభయ్యో రోజు హుసేన్ సమాధి దగ్గరికి వచ్చిన మొదటి యాత్రికుడు జాబిర్ బిన్ అబ్దుల్లా అన్సారీ అని చెప్పుకుంటారు. ఆయన ప్రవక్త సహచరుడు. ఆయన చెప్పిన హదీసులు సున్నీలు చదవరా? అలీ, హుసేన్ మనకు ఏమీ కారా? అడిగితే ఒకాయన నవ్వి, "నీతో మాట్లాడలేం భాయ్, నీది పీరీల ఇస్లాం" అన్నాడు.

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. తర్వాత ఒప్పుకున్నాను. అవును, నాది పీరీల ఇస్లామే. అది నేను ఎంచుకున్నది కాదు, నేను పుట్టిన మట్టి ఇచ్చింది. గోలకొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ ఆ తర్వాత కొద్దేళ్లకే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కట్టించాడు. పట్నంలో రాజు నిలిపిన ఆలం పల్లెల్లోకి వచ్చి పీరీ అయింది. పల్లెలో దాన్ని ఎత్తుకున్నది షియాలూ కాదు, సున్నీలూ కాదు, ఊరు. మా దాదా పీరీలకు ముజావర్. ఊదు వేసేది, ఫాతిహా చదివేది ఆయన. అలావా గుండం తవ్వేది, డప్పు కొట్టేది మాదిగవాడ. మలీద ముద్దలు అన్ని ఇళ్లనుంచీ వచ్చేవి. పీరీ పేరు మొక్కి కన్న పిల్లలకు ఆ పేరే పెట్టేవారు. నాదీ పీరీ పేరే. నాతో బడికొచ్చిన మాదిగవాడ దోస్తుదీ అదే పేరు, చివర 'అయ్య' ఒక్కటి ఎక్కువ.

రెండో లెక్క కాగితాల దగ్గర వచ్చింది. నా రేషన్ కార్డులో పేరుకు ముందు 'హ' లేదు, ఊరు పిలిచినట్టే రాశారు. బడి సర్టిఫికెట్లో సారు నాకు కూడా ఆ 'అయ్య' తగిలించాడు. ఆధార్‌లో ముందు మహమ్మద్ చేరింది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులం. ఏ ఒక్కణ్నీ పాస్‌పోర్టు ఒప్పుకోదు. అఫిడవిట్లు, సవరణలు, డ్యూటీ పోగొట్టుకుని తిరిగిన రోజులు, అన్నీ కలిపితే నాలుగు నెలలు. ఊరు నన్ను ఒక రకంగా పిలిచింది, బడి ఒక రకంగా రాసుకుంది. ఇప్పుడు అందులో ఏది అసలు అని నన్నే రుజువు చేయమంటున్నారు!

తర్వాత విచారణకు ఒకాయన వచ్చాడు. ఎక్కడికి పోతున్నావన్నాడు. కర్బలా అన్నాను. అదెక్కడ అన్నాడు. ఇరాక్ అన్నాను. రాసే పెన్ను ఆగింది. "ఇరాక్‌కు నడిచేటందుకా? ఎవలు పంపుతున్నరు? పైసలెవలిస్తున్నరు?" అమ్మీ మొక్కు అని చెప్పాను. చిట్టీ పుస్తకం చూపించాను. నా మొహం, పుస్తకం మార్చి మార్చి చూశాడు. లోపల మంచంలోంచి అమ్మీ కేకేసింది, "నేనే పంపుతున్న బిడ్డా, నా పేరు రాస్కో" అని. ఆయనకు నవ్వొచ్చింది, నాకు రాలేదు. శివమాల వేసి శ్రీశైలానికి నడిచే మా ఊరి పిల్లలను ఎవరు పంపుతున్నారని ఎవరైనా అడుగుతారా? వాళ్లను అడగాలని నేను అనడం లేదు. నన్నెందుకు అడుగుతారని అంటున్నాను. మొక్కు వాళ్లదైతే భక్తి, నాదైతే సంజాయిషీ.

మూడో లెక్క చాయ్ హోటల్లో, యూనియన్ దోస్తు అడిగాడు. "కార్మికుడివి. తొంభై వేలు పోసి సమాధి చూసి వస్తవా? దీనికన్నా అమ్మ మోకాళ్లు చూపించరాదు?" ఈ ప్రశ్నకే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మీని అడిగాను, ఆ పైసలు నీ కాళ్లకు పెడతానని. "నా కాళ్లు ఎన్నాళ్లు నడుస్తయి రా? నీ కాళ్లు నాయి కావా?" అన్నది. దోస్తుకు ఈ జవాబు చెప్పాను. ఒప్పుకోలేదు. ఒప్పుకోమని నేనూ అడగలేదు.

ఆదివారాలు నడక అలవాటు చేసుకుంటున్నాను. పోతిరెడ్డిపల్లి చౌరస్తా నుంచి కంది, రుద్రారం, ఇస్నాపూర్, ముత్తంగి మీదుగా పటాన్‌చెరు దాకా. దాదాపు పాతిక కిలోమీటర్లు, నజఫ్ దారిలో ఒక రోజు నడక. ముంబై రోడ్డు, లారీల దుమ్ము. ఆటోవాళ్లు ఆపి "చాచా, ఎక్కు" అంటారు. ఊరికే నడుస్తున్నానంటే పిచ్చోడనుకుంటారు. ఇస్నాపూర్ దాటినాక గాలే మారిపోతుంది. ఈ కంపెనీల వాసన నాకు జీతం వాసన కూడా. ఈ విషపు నీళ్లే నక్కవాగులో కలిసి మంజీరలోకి పోయాయి. ఈ కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. బావుల్లో నీళ్లుండీ తాగలేకపోయిన ఊళ్లు ఇక్కడ ఉన్నాయి. కర్బలాలో యూఫ్రటీస్ పక్కనే పారుతున్నా హుసేన్ గుడారాల్లో పిల్లలకు గుక్కెడు నీళ్లు అందనివ్వలేదు. నీళ్లు తేబోయిన అబ్బాస్ చేతులు నరికారు. మా పీరీ మీది పంజాను చూస్తే ఆ చెయ్యే గుర్తొస్తుంది. దప్పి కథ మా వాడలకు ఎందుకంత తొందరగా అర్థమైందో ఈ రోడ్డు మీద నడుస్తుంటే నాకు తెలిసింది.

ఒక ఆదివారం రుద్రారం దగ్గర కాలు బొబ్బలెక్కి ఒక చిన్న హోటలు ముందు కూలబడ్డాను. హోటలాయన నుదుట బొట్టు, మెడలో మాల. నా టోపీ చూశాడు, కాలు చూశాడు. ఏమైందంటే చెప్పాను, అమ్మీ మొక్కు, నడక అలవాటు చేసుకుంటున్నానని. గోరువెచ్చని నీళ్లు తెచ్చాడు. ఇడ్లీ పెట్టాడు, చాయ్ ఇచ్చాడు. పైసలియ్యబోతే చెయ్యి వెనక్కి నెట్టాడు. "మొక్కు నడకకు పైసలు తీసుకుంటే నాకు పాపం గాదా?" అన్నాడు. ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరాక్‌లో మౌకిబ్ ఎట్లా ఉంటుందో నేనింకా చూడలేదు. రుద్రారంలో ఒకటి చూశాను. అట్లని అంతా బాగానే ఉందని రాయలేను. ఇదే రోడ్డు మీద నా టోపీ చూసి గొణిగి పోయినవాళ్లూ ఉన్నారు. రెండూ జరిగాయి, రెండూ రాస్తున్నాను.

మా పీరీల కొట్టం ఇప్పుడు నడుమ నలిగిపోతున్నది. ఇటు మా పిల్లలు కొందరు అది బిద్అత్, మూసేయమంటారు. అటు కొందరు పిల్లలు తురకల పీరీలకు మనం డప్పు ఎందుకు కొట్టాలంటారు. ప్లాట్ల ధరలు పెరిగినాక ఆ జాగా మీద కన్నేసినవాళ్లకు ఈ రెండు మాటలూ సంతోషమే. 1948లో పోలీసు యాక్షన్ నాడు మా దాదాను మాదిగవాడలో గడ్డివాము కింద దాచారని అబ్బా చెప్పేవాడు. దాచింది నా దోస్తు తాత. ఆ రాత్రి వాళ్లు ఆయన్ను షియావా, సున్నీవా అని అడగలేదు. పీరీల ముజావర్, మనోడు అనుకున్నారు. ఆ 'మనోడు' అన్న మాట ఆ కొట్టంలోనే పుట్టింది. కొట్టం కూలితే ఆ మాట ఎక్కడ నిలబడుతుందో ఇటువాళ్లూ చెప్పరు, అటువాళ్లూ చెప్పరు.

నేను నజఫ్‌లో మొదటి స్తంభం దగ్గర నిలబడిన రోజు నన్ను చూసేవాళ్లకు హిందుస్తానీ ముసల్మానును. ఏ ఫిర్కా అని అడిగితే పోతిరెడ్డిపల్లి అని చెప్పాలనుంది.

నడక సంగతి దోస్తుకు చెప్పినప్పుడు అతను డప్పు ఎండకు పెడుతున్నాడు. సాంతం విని, "ఎన్ని పైసలు తక్కువ పడుతున్నయి?" అని అడిగాడు. చిట్టీ ఉంది, అక్కర్లేదన్నాను. లోపలికి పోయి ఒక ఆకుపచ్చ దట్టీ తెచ్చిచ్చాడు. "మా అవ్వ పేరు మీద ఆడ కట్టు. నేను రాలేను గద. వచ్చేటప్పుడు పిడికెడు మట్టి తే. కొట్టం గడపల పోద్దాం."

దట్టీ అమ్మీ దిండు కింద ఉంది. పదకొండు చిట్టీలు కట్టాను. ఇంకా పందొమ్మిది ఉన్నాయి. అమ్మీ రోజూ పొద్దున లేచి నా కాళ్లు చూపించమంటుంది, బొబ్బలు మానాయా అని.